హోటల్ సిబ్బందికి ఫుడ్ సేఫ్టీ ట్రైనింగ్, సర్టిఫికెట్: ఎవరికి కావాలి, ఎలా పూర్తి చేయాలి

"మా హోటల్లో పద్దెనిమిది మంది పనిచేస్తారు, అందరికీ సర్టిఫికెట్ ఉండాలా?" "లైసెన్స్ ఉంది కదా, మళ్లీ ఈ ట్రైనింగ్ ఏంటి?" "ట్రైనింగ్ తీసుకున్న మేనేజర్ మానేశాడు, ఇప్పుడేం చేయాలి?" హోటళ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు, కేటరింగ్ నడిపేవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్నలివి. అన్నిటికీ ఒకేచోట జవాబు దొరికేలా, పనిని వరుసగా ఎలా ముగించాలో కింద రాశాను.

మొదట మూడు కాగితాల సంగతి. ఇవి మూడూ వేర్వేరు. చాలామంది వీటిని కలిపేసుకుని ఇబ్బంది పడుతున్నారు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ మీ వ్యాపారానికి ఇచ్చేది. ఫాస్కోస్ అనే ఆ సంస్థ లైసెన్సుల పోర్టల్‌లో తీసుకుంటారు. మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఆహారాన్ని ముట్టుకునే ప్రతి మనిషికీ ఉండాలి. ఏడాదికోసారి డాక్టర్ పరీక్షించి ఇస్తారు. మూడోది ట్రైనింగ్ సర్టిఫికెట్. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో మొదలుపెట్టిన ఫాస్‌టాక్ కార్యక్రమంలో శిక్షణ పొందిన వ్యక్తిని 'ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్' అంటారు. ఆ సర్టిఫికెట్ ఆ వ్యక్తి పేరు మీదే ఉంటుంది, రెండేళ్లు చెల్లుతుంది. ఒకటి ఉంది కదా అని ఇంకొకటి లేకుండా నడవదు.

ఎంతమందికి కావాలి?

స్టేట్ లేదా సెంట్రల్ లైసెన్స్ ఉన్న వ్యాపారంలో ప్రతి 25 మంది ఆహార సిబ్బందికి కనీసం ఒక శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఉండాలి. 25 మంది వరకు ఒకరు, 26 నుంచి 50 వరకు ఇద్దరు, ఆపైన అదే లెక్క. బ్రాంచీలు ఉంటే ఏ బ్రాంచీకి ఆ బ్రాంచీ లెక్కే. అమీర్‌పేట బ్రాంచీలో ఉన్న సూపర్‌వైజర్‌ను చూపించి కూకట్‌పల్లి బ్రాంచీని నడపలేరు.

అంటే పద్దెనిమిది మంది ఉన్న హోటల్‌కు కాగితం ప్రకారం ఒక్కరు చాలు. నా సలహా మాత్రం కనీసం ఇద్దరు. పొద్దున టిఫిన్లు, రాత్రి బిర్యానీ నడిపే చోట ఒక్క మనిషి రెండు షిఫ్టులూ ఉండడు. అతను ఊరెళ్లినా, మానేసినా మీ దగ్గర ఎవరూ మిగలరు.

లెక్క వేసేటప్పుడు వంట మాస్టర్లతో ఆగకండి. కూరగాయలు తరిగేవాళ్లు, చికెన్ కడిగేవాళ్లు, వడ్డించే సప్లయర్లు, గిన్నెలు తోమేవాళ్లు, పార్సిల్ కట్టేవాళ్లు అందరూ లెక్కలోకి వస్తారు. క్యాష్ కౌంటర్లో కూర్చుని మధ్యమధ్యలో పార్సిల్ కట్టే కుర్రాడు కూడా.

రిజిస్ట్రేషన్ మాత్రమే ఉన్న చిన్న బండ్లు, టిఫిన్ సెంటర్ల వాళ్లకు తక్కువ సమయంలో అయిపోయే కోర్సులు ఉన్నాయి. వీధి వ్యాపారులకు ప్రత్యేక కోర్సు కూడా ఉంది. శుభ్రత నియమాలు ఎలాగూ అందరికీ వర్తిస్తాయి కాబట్టి చిన్న వ్యాపారమైనా ఒకరు వెళ్లి రావడం మంచిది.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- మీ లైసెన్స్ నంబరు (14 అంకెలది), లైసెన్స్ కాపీ
- సిబ్బంది అందరి పేర్లు, చేసే పని, షిఫ్టు రాసిన జాబితా
- ట్రైనింగ్‌కు వెళ్లే వ్యక్తి ఫొటో గుర్తింపు కార్డు, అతని సొంత మొబైల్ నంబరు, ఈమెయిల్
- గుచ్చి చూసే ప్రోబ్ థర్మామీటర్. ఇది లేకుండా నేర్చుకున్నదాంట్లో సగం వంటగదిలో అమలు కాదు
- రెండు రిజిస్టర్లు: ఒకటి ట్రైనింగ్‌కు, ఒకటి ఉష్ణోగ్రతలకు
- మెడికల్ సర్టిఫికెట్లకు ఒక ఫైలు

ఇక పని మొదలుపెడదాం.

1. సరైన మనిషిని ఎంచుకోండి

మొత్తం పనిలో ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. చాలా చోట్ల ఓనర్ గారి తమ్ముడో, అకౌంట్స్ చూసే అబ్బాయో వెళ్లి సర్టిఫికెట్ తెచ్చేస్తారు. కంప్యూటర్ వచ్చు, ఇంగ్లిష్ వచ్చు, ఖాళీగా ఉన్నాడు అని. అతను వంటగదిలోకి రోజుకోసారి తొంగిచూస్తే గొప్ప. ఆ సర్టిఫికెట్ వల్ల మీ కస్టమర్‌కు ఒరిగేదేమీ లేదు.

ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి. షిఫ్టులో ఎక్కువసేపు వంటగదిలోనే ఉండే మనిషేనా? అతను "ఇది పారేయండి" అంటే హెడ్ వంట మాస్టర్ వింటాడా? ఏడాదైనా మీ దగ్గర ఉంటాడన్న నమ్మకం ఉందా? కిచెన్ ఇన్‌ఛార్జి లేదా రెండో మాస్టర్ సాధారణంగా సరిపోతాడు. హెడ్ మాస్టర్‌కే ఆసక్తి ఉంటే అంతకంటే మంచిది లేదు.

చదువు తక్కువని వెనక్కి తగ్గకండి. చదవడం రాయడం మామూలుగా వచ్చి, వంటగది మీద పట్టున్నవాడు డిగ్రీ చదివిన క్యాషియర్ కంటే ఈ పనికి బాగా పనికొస్తాడు.

2. ఏ కోర్సో తేల్చుకోండి

హోటళ్లు, కేటరింగ్ వాళ్లు చూడాల్సింది 'కేటరింగ్' విభాగం. అందులో బేసిక్ కోర్సు సుమారు 4 గంటలు, అడ్వాన్స్ సుమారు 8 గంటలు. లైసెన్స్ ఉన్న హోటల్ అయితే అడ్వాన్స్ తీసుకోండి. చిన్న రిజిస్ట్రేషన్ వ్యాపారాలకు బేసిక్ సరిపోతుంది. పాల ఉత్పత్తులు, బేకరీ, తయారీ, నిల్వ, రవాణా లాంటి వాటికి వేరే కోర్సులు ఉన్నాయి. తొందరలో ఏదో ఒకటి బుక్ చేసి, తీరా సర్టిఫికెట్ మీద మీ వ్యాపారానికి సంబంధం లేని కోర్సు పేరు పడితే మళ్లీ మొదటికే వస్తుంది.

3. ఫాస్‌టాక్ పోర్టల్‌లో పేరు నమోదు చేయండి

పోర్టల్‌లో ట్రైనీగా రిజిస్టర్ అవ్వాలి. పేరును గుర్తింపు కార్డులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. సర్టిఫికెట్ ఆ పేరుతోనే వస్తుంది. ఓనర్ మొబైల్ నంబరు, ఓనర్ ఈమెయిల్ ఇవ్వకండి. ఇద్దరు ముగ్గురిని ఒకే నంబరుతో నమోదు చేయాలని చూస్తే తర్వాత లాగిన్లు చిక్కుపడతాయి.

ఆ తర్వాత రాష్ట్రం, జిల్లా, కోర్సు ఎంచుకుని జరగబోయే క్లాసుల జాబితా చూడండి. నేరుగా వెళ్లేవీ ఉంటాయి, ఆన్‌లైన్‌వీ ఉంటాయి. వీటిని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తించిన ట్రైనింగ్ పార్ట్‌నర్లు నడుపుతారు. డబ్బు కట్టే ముందు వాళ్లకు ఫోన్ చేసి క్లాసు ఏ భాషలో జరుగుతుందో, ఫీజు ఎంతో, సర్టిఫికెట్ ఎప్పటికి వస్తుందో కనుక్కోండి. మీ మాస్టర్‌కు తెలుగు, హిందీ తప్ప రాకపోతే ఇంగ్లిష్ క్లాసుకు పంపి లాభం లేదు.

హెచ్చరిక: "ట్రైనింగ్‌కు రానక్కర్లేదు, ఆధార్ వాట్సాప్ చేయండి, సర్టిఫికెట్ పంపిస్తాం" అనే ఏజెంట్లను దగ్గరికి రానివ్వకండి. ఆ కాగితం నకిలీ కావచ్చు. అసలుదే అయినా, అధికారి వచ్చి ఆ మనిషినే రెండు ప్రశ్నలడిగితే జవాబుండదు.

4. క్లాసుకు ప్రశ్నలతో పంపండి

ఊరికే కూర్చుని రమ్మనకండి. మీ వంటగదిలో రోజూ తలనొప్పిగా ఉన్న విషయాలు ఒక చీటీ మీద రాసివ్వండి: మిగిలిన బిర్యానీ ఏం చేయాలి, కరెంటు పోతే డీప్ ఫ్రీజర్‌లో సరుకు సంగతేంటి, మ్యారినేట్ చేసిన చికెన్ ఎన్నాళ్లు ఉంచొచ్చు. చివర్లో చిన్న పరీక్ష ఉంటుంది, టెన్షన్ పడాల్సినంత కష్టమేమీ కాదు. క్లాసులో చెప్పింది విని, కింద ఇచ్చిన అంకెలు గుర్తుంటే చాలు.

- చల్లగా ఉంచేవి 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో
- వేడిగా ఉంచేవి 60 డిగ్రీలకు పైన
- డీప్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు
- మాంసాహారం మధ్యభాగం 75 డిగ్రీలు దాటేలా ఉడకాలి
- మళ్లీ వేడి చేసేటప్పుడు మధ్యభాగం 75 డిగ్రీలకు చేరి కనీసం 2 నిమిషాలు ఉండాలి

5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మన వంటగదిలో గది ఉష్ణోగ్రత అంటే సరిగ్గా ఈ మధ్యలోనే.

5. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి సరిచూడండి

పేరు, కోర్సు, చెల్లుబాటు తేదీ మూడూ చూడండి. ఆ వ్యక్తి పోర్టల్ లాగిన్‌లో కూడా సర్టిఫికెట్ కనిపించాలి. ఎవరో పంపిన పీడీఎఫ్ మాత్రమే ఉండి లాగిన్‌లో ఏమీ లేకపోతే అనుమానించాల్సిందే. ఒక కాపీ ఫైల్లో, ఒకటి వంటగదిలో. గడువు ముగియడానికి మూడు నెలల ముందు తేదీకి ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

6. మెడికల్ పరీక్షలు పూర్తి చేయండి

హైదరాబాద్‌లో 2024 నుంచి హోటళ్లలో జరిగిన తనిఖీల వివరాలు పత్రికల్లో చదివినవాళ్లకు ఒక విషయం తెలిసే ఉంటుంది. సిబ్బంది మెడికల్ సర్టిఫికెట్లు లేవని, పురుగుల నివారణ రికార్డులు, నీటి పరీక్ష రిపోర్టులు లేవని పదేపదే రాశారు. తేలిగ్గా చేయగలిగినవే ఇలా మిగిలిపోతున్నాయి.

రిజిస్టర్డ్ డాక్టర్ ప్రతి ఒక్కరినీ చూసి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన నమూనాలో సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. కళ్లు, చర్మం పరీక్షలు, అంటువ్యాధులేమైనా ఉన్నాయా అన్నది, టైఫాయిడ్ వంటి పేగు వ్యాధులకు టీకా వేయించారా అన్నది అందులో ఉంటాయి. ఒకే రోజు డాక్టర్‌ను హోటల్‌కే పిలిపిస్తే పని తేలికవుతుంది. మనిషిని చూడకుండా ఇరవై సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టించుకోవడం మాత్రం చేయకండి. టైఫాయిడ్ క్రిములు మోస్తూ పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి మీ వంటగదిలో ఉంటే, ఆ సంతకం ఎవరినీ కాపాడదు.

కొత్తగా చేరేవాళ్లకు పనిలో పెట్టే ముందే పరీక్ష చేయించండి. "వచ్చే నెల అందరితో కలిపి" అంటూ వాయిదా వేయకండి.

7. మిగతా సిబ్బందికి మీరే నేర్పండి

సూపర్‌వైజర్ నేర్చుకున్నది అందరికీ చేరినప్పుడే ఈ శ్రమకు ఫలితం. అందరినీ కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇస్తే ఎవరికీ ఏమీ గుర్తుండదు. వారానికి ఒక విషయం, పదిహేను నిమిషాలు, రద్దీ లేని వేళ. సాయంత్రం నాలుగు ప్రాంతంలో అయితే అందరూ దొరుకుతారు. మన నగరాల్లోని వంటగదుల్లో బిహార్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు తెలుగులో చెప్పి తలూపించుకోవడం శిక్షణ కాదు. హిందీలో చెప్పండి, చేసి చూపించండి, వాళ్లతో చేయించండి.

ఈ క్రమంలో వెళ్లండి.

చేతులు కడగడం. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, ఆ తర్వాత శుభ్రంగా తుడుచుకోవాలి. పచ్చి మాంసం, గుడ్లు ముట్టుకున్నాక, టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, డబ్బు, ఫోన్ పట్టుకున్నాక. అన్నట్టు, వాష్ బేసిన్ దగ్గర సబ్బు లేకుండా ఈ పాఠం చెప్పకండి.

పచ్చివి, వండినవి వేరు. ఫ్రిజ్‌లో వండినవి పైన, పచ్చి చికెన్ అట్టడుగున. కత్తులు, కట్టింగ్ బోర్డులు వేర్వేరు రంగుల్లో. శాకాహారం, మాంసాహారం కలవకూడదు.

అన్నం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన వంటగదుల్లో దీన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు కాబట్టి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మేల్కొని పెరిగి, వాంతులు చేయించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రి ఫ్రైడ్ రైస్‌కు వాడే అలవాటు ఉంటే, మిగిలిన వెంటనే లోతు తక్కువ ట్రేలలోకి పరిచి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద డేగిసాలో అలాగే వదిలేస్తే మధ్యలో వేడి చాలాసేపు ఆరదు. సమయానికి చల్లార్చలేని చోట తక్కువ వండుకోవడం, మిగిలింది పారేయడం తప్ప దారి లేదు.

వేపుడు నూనె. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (మళ్లీ మళ్లీ కాచినప్పుడు నూనె పాడై ఏర్పడే పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదు. 2018 జులై 1 నుంచి ఈ నియమం ఉంది. కొలిచే పరికరం ఉంటే మంచిది. లేకపోతే నల్లబడినా, నురగ ఆగకపోయినా, జిగురుగా మారినా తీసేయండి. పాత నూనెలో కొత్త నూనె పోసి నడిపించకండి. రోజుకు 50 లీటర్ల కంటే ఎక్కువ వేపుడు నూనె వాడే చోట రికార్డు రాయాలి.

ఇంకా రెండు చిన్న విషయాలు. బజ్జీలు, పూరీలు న్యూస్‌పేపర్‌లో కట్టడం, పేపర్ మీద నూనె పీల్చడానికి పెట్టడం నిషిద్ధం. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణలో 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించారు. ఇలాంటి ఉత్తర్వులు మధ్యమధ్యలో వస్తుంటాయి. నిషేధం ఉన్నా లేకపోయినా గుడ్డు లేని మయోనైజ్‌కు మారిపోండి.

ప్రతి క్లాసు తర్వాత రిజిస్టర్లో తేదీ, విషయం, నేర్పినవారి పేరు, హాజరైనవాళ్ల సంతకం లేదా వేలిముద్ర తీసుకోండి.

8. జబ్బు చేసినవాళ్ల విషయంలో నియమం పెట్టండి

కామెర్లు, విరేచనాలు, వాంతులు, జ్వరం, జ్వరంతో గొంతునొప్పి, చీము పట్టిన పుండ్లు, చెవి, కన్ను, ముక్కు నుంచి స్రావాలు ఉంటే ఆ మనిషి ఆహారం దగ్గరికి రాకూడదు. విరేచనాలు, వాంతులు తగ్గాక కూడా ఇంకో రెండు రోజులు దూరంగా ఉంచండి.

ఈ నియమం గోడమీద రాసి జీతం కోస్తే ఎవరూ నిజం చెప్పరు. రోజుకూలి మీద ఇంటికి డబ్బు పంపే మనిషి మాత్ర వేసుకుని వచ్చి పిండి కలుపుతాడు. అతన్ని తప్పుపట్టలేం. ఈ రోజులకు జీతం ఇవ్వండి. లేదంటే ఆహారంతో సంబంధం లేని పని ఇవ్వండి. ఇందులో దయ సంగతి అటుంచితే, మీ హోటల్ పేరు నిలబడాలన్నా ఇదొక్కటే దారి.

ఎక్కువగా జరిగే తప్పులు

థర్మామీటర్ కొని డ్రాయర్లో పెట్టడం. కొన్నాళ్లకు అది తప్పు చూపిస్తుంది, ఎవరికీ తెలియదు. గ్లాసు నిండా దంచిన ఐస్ వేసి, కొంచెం నీళ్లు పోసి, ప్రోబ్‌ను మధ్యలో ఉంచండి. సున్నా చూపించాలి. ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే సరిచేయించండి లేదా మార్చేయండి.

గ్లవ్స్ వేసుకుంటే చేతులు కడగక్కర్లేదనుకోవడం. అదే గ్లవ్స్‌తో చికెన్ కోసి, చట్నీ గిన్నె పట్టుకుంటే గ్లవ్స్ లేనట్టే. పని మారినప్పుడల్లా తీసేసి, చేతులు కడుక్కుని కొత్తవి వేసుకోవాలి.

డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన చికెన్‌ను అరుగు మీద రాత్రంతా వదిలేయడం. ముందురోజే ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వండి. అర్జెంటైతే కవర్‌లో పెట్టి చల్లటి కుళాయి నీళ్ల కింద, గంటన్నర దాటకుండా.

బెయిన్ మారీలో (కూర గిన్నెలను వేడినీళ్లలో ఉంచే తొట్టి) చల్లటి కూర పోసి వేడి చేయడం. అది వేడిగా ఉన్నదాన్ని వేడిగా ఉంచడానికి మాత్రమే. ముందు పొయ్యి మీద బాగా మరిగించి, అప్పుడు అందులో పెట్టాలి. ఒకసారి మళ్లీ వేడి చేసింది మిగిలితే ఇంకోసారి వేడి చేయకండి.

తనిఖీ వస్తుందని తెలిసిన రోజే హెయిర్ క్యాప్‌లు బయటికి తీయడం. దీని మీద ఎక్కువ చెప్పను. అధికారులకు కొత్త క్యాప్ చూస్తేనే తెలిసిపోతుంది.

శిక్షణ పనిచేస్తోందా? ఇలా చూడండి

అడగడం కంటే గమనించడం మేలు. రద్దీ సమయంలో వాష్ బేసిన్ కనిపించే చోట పావుగంట నిలబడండి. పచ్చి చికెన్ ముట్టుకున్నవాళ్లలో ఎంతమంది చేతులు కడిగారో మీకే తెలుస్తుంది. అనుమానం ఉన్నవాళ్ల చేతులకు కొంచెం నూనె, దాల్చినచెక్క పొడి రాసి కడగమనండి. గోళ్ల దగ్గర, బొటనవేలి వెనక మిగిలిన పొడిని చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు.

ఉష్ణోగ్రత రిజిస్టర్ తెరవండి. నెల రోజులు వరుసగా ఫ్రిజ్ "4, 4, 4, 4" అని ఒకే చేతిరాతలో, ఒకే ఇంకుతో ఉంటే అది నెలాఖరున కూర్చుని రాసింది. నిజమైన అంకెలు 3, 5, 4, 7 అంటూ అటూ ఇటూ మారతాయి. 7 వచ్చిన రోజు ఏం చేశారో పక్కన రాసి ఉండాలి. తప్పు అంకె రాసినందుకు ఎవరినీ తిట్టకండి. తిడితే రేపటి నుంచి మళ్లీ అన్నీ నాలుగులే.

హెల్పర్‌ను పిలిచి "చికెన్ ఉడికిందని ఎలా తెలుస్తుంది?" అని అడగండి. "రంగు చూసి" అంటే మళ్లీ నేర్పాలి. థర్మామీటర్ తెచ్చి ముక్క మందంగా ఉన్న చోట గుచ్చి చూపిస్తే నేర్చుకున్నట్టు. వడ్డించే అబ్బాయిని "ఈ కూరలో వేరుశనగ ఉందా, జీడిపప్పు ఉందా?" అని అడగండి. తెలియకపోతే "కనుక్కుని చెప్తాను" అనాలి. ఊహించి "లేదు సార్" అనేస్తే, అలర్జీ ఉన్న కస్టమర్ ప్రాణం మీదికి వస్తుంది.

సూపర్‌వైజర్ మధ్యలో మానేస్తే

సర్టిఫికెట్ మనిషితోపాటు వెళ్లిపోతుంది. కొత్త హోటల్లో అది అతనికి పనికొస్తుంది, మీకు పనికిరాదు. గోడమీద అతని సర్టిఫికెట్ అలాగే ఉంచి నెట్టుకురావద్దు. ఇద్దరికి ట్రైనింగ్ ఇప్పించి ఉంటే కంగారుండదు. లేకపోతే అతను నోటీసు ఇచ్చిన రోజే ఇంకొకరిని పోర్టల్‌లో నమోదు చేసి, దొరికిన మొదటి క్లాసుకు పంపండి. బుక్ చేసిన రసీదు ఫైల్లో పెట్టుకోండి. వెళ్లేలోపు అతని చేత రిజిస్టర్లన్నీ కొత్త వ్యక్తికి అప్పగింపజేయండి. ఏ ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడదు, ఏ మూలన బొద్దింకలు వస్తాయి, ఎవరికి టీకా మిగిలి ఉంది అన్నది అతనికే తెలిసి ఉంటుంది.

సందేహాలుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ నంబరు 1800112100కు ఫోన్ చేయవచ్చు. మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌ను నేరుగా కలిసి అడగడం ఇంకా మంచిది. తనిఖీకి ముందే వచ్చి అడిగే హోటల్ వాళ్లు తక్కువ, అందుకే చాలామంది ఓపిగ్గానే చెబుతారు.